ఎనభై ఎనిమిది సెంటీమీటర్లు

ఎనుమాముల మార్కెట్ గేటు ముంగట
జాకీర్ అన్న నెట్ సెంటర్.
రాత్రి తొమ్మిదిన్నర.
దోస్త్ వెబ్‌సైటు గుండ్రంగ తిరుగుతనే ఉన్నది.
పేరుకే దోస్తు,
అడిగితే ఒక్క సలహా చెప్పదు.
మొదటి గడి ఖాళీ, రెండో గడి ఖాళీ,
పన్నెండు కొడితే మూతపడ్తదట.

"ఏది ముందు కొట్టాలె చెల్లె?"
నా కాళ్లనడుగు, అనాలనిపించింది.

కాళ్లకైతే హైదరాబాదు పెద్ద యూనివర్సిటీయే కావాలె.
మొన్న ట్రయల్స్‌ల
ఆ ఎర్ర ట్రాక్ నా మడిమె పట్టుకొని
పైకి ఇసిరేసింది.
ట్రిపుల్ జంప్, పదకొండు మీటర్ల అరవై రెండు.
మట్టి మీద ఎన్నడు రాలేదంత.
ముప్పై ఒక్క మంది ఆడపిల్లలం,
నా ఛాతి మీద నలభై ఏడు.
టేపు పట్టినాయన కొలత చెప్పిండు,
రాసుకునే సారు తల ఎత్తలే.
"నెక్స్ట్."
ఇసుక దులుపుకునే లోపలనే నెక్స్ట్.

నక్కలగుట్ట ఎనుక చిన్న కాలేజీల
జంపింగ్ పిట్ అంటే కుక్కలు పండుకునే జాగ.
ఇంటర్ నుంచి ఆడనే నా ప్రాక్టీసు.
పొద్దుగాల వాటిని అదిలిచ్చి
పార పట్టి ఇసుక నేనే తిరగెయ్యాలె.
బాటనీ సారు కిటికీలకెల్లి తొంగి చూసి
"పిట్టల నవనీతా, నిన్నటికంటె కురచ దుంకినవ్" అంటడు.
ఆయనకు ఆట తెల్వదు,
నా నిన్న తెలుసు.

ఆ యూనివర్సిటీలనే సదివే గుగులోతు నిరోషక్కకు ఫోన్ చేసిన.
"ఈడ నాకంటె మంచోళ్లు పదకొండు మంది.
దినాం ఓడుతున్న పిల్లా,
గందుకే పెరుగుతున్న" అన్నది.
జరసేపు ఆగి,
"మోకాలు వాస్తె ఫిజియో ఉన్నడు, లైను గూడ ఉన్నది.
పోయిన నెల ఒక పరీక్ష రాయలే,
ఎవ్వలు అడగలే" అన్నది.
రెండు ముచ్చట్లూ ఒక్క గొంతుతోనే చెప్పింది.
రమ్మన్నదో వద్దన్నదో
ఫోన్ పెట్టేసినంక గూడ తేలలే.

బాపునడిగిన. ముప్పై ఏండ్ల సంది హమాలి.
"పెద్ద మార్కెట్ల ధర పల్కుతది బిడ్డా,
కని బస్తా మీద పేరుండదు, లాటు నంబరే.
ఊర్ల సేటుకు నీ తాత పేరు సుత తెలుసు,
కని కాంట మీద చెయ్యి ఆయనదే."
"మరి యాడ అమ్మాలె?"
"నేనెన్నడు అమ్మలే, మోసిన" అన్నడు.

నిన్న పొద్దుమీకి విక్టోరియా మేడం కాడికి పోయిన.
వాలీబాల్ నెట్టు కుట్టుకుంట కూసున్నది.
పోవద్దంటది అనుకున్న,
పొమ్మంటదని గూడ అనుకున్న.
దారం పంటితోని కొరికి
"పన్నెండున్నర దాంక నాకు నేర్పొస్తది.
ఆపైన నాకు తెల్వదే.
అప్పుడు నేనే బస్సెక్కిస్త" అన్నది.
మళ్ల సూదిల దారమెక్కిచ్చుడు మీద పడ్డది.

ఇంటికొచ్చి లెక్క తీసిన.
పన్నెండున్నరలకెల్లి నా దుంకుడు తీసేస్తే
ఎనభై ఎనిమిది సెంటీమీటర్లు.
టేపు పరిచి చూస్తె
మా నులక మంచం అడ్డమంత.
అంతే.
అంత మాత్రం తన కాడ ఉన్నదని
కొలిచి చెప్పిన మనిషి ఒక్కతే.
మిగిలినోళ్లంత మొగులు చూపెట్టిండ్రు.

సర్వర్ వచ్చింది.
చిన్నది ముందు, పెద్దది రెండు.
జాకీర్ అన్న నా దిక్కు తిరిగి
"ఉల్టా చెప్తలేవు గద?"
"సీదనే అన్నా."
బల్ల కింద కాళ్లు ఊకుంటలేవు,
వాటికి ఇంకా కోపమే.

కాయితం వేడివేడిగ బయటికొచ్చింది.
మిర్చి ఘాటుకు తుమ్ముకుంట బాపు వచ్చిండు,
సదువు రాదు ఆయనకు.
అరచేతుల పెట్టుకొని
పత్తి చూసినట్టు
బొటనవేలుతోని మెల్లగ రుద్దిండు.

"తేమ లేదు" అన్నడు.